బల్బు ధర చూస్తాం, అది వెలిగే గంటలు చూడం

(ఇంధన పొదుపు వారోత్సవాల్లో గుంటూరు వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగం, చివర్లో సభికుల ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. షాపులు కట్టేసి నేరుగా ఇక్కడికే వచ్చారు, మళ్ళీ పొద్దున్నే తీయాలి, కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్ళిపోతాను. ఏటా డిసెంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి, కరెంటు ఆదా చేయండి, దేశానికి మంచిది అని చెప్తారు, అది నిజమే, కానీ ఈ రోజు నేను మీతో పూర్తిగా డబ్బు గురించే మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే షాపు నడిపేవాళ్ళకి నెల తిరిగేసరికి అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, ఈ మూడూ ఆగవు. అద్దె మన చేతిలో లేదు. జీతాలు తగ్గించలేం, తగ్గించకూడదు కూడా. మిగిలింది కరెంటు బిల్లు. అందులో ఏసీ తర్వాత, చాలా షాపుల్లో ఏసీతో సమానంగా, తినేది లైట్లే.

ఒక సంగతి గమనించండి. మన ఇళ్ళల్లో లైట్లు మారిపోయాయి, షాపుల్లో మారలేదు. 2014లో మన గుంటూరు జిల్లాతో సహా రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో ఇంటింటికీ తక్కువ ధరకు ఎల్ఈడీ బల్బులు ఇచ్చారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2015 జనవరి 5న అదే దేశమంతటికీ ఉజాలా పథకమైంది. 2014 మొదట్లో ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ సంస్థ టోకున కొంటే ఒక్కో బల్బు 310 రూపాయలు పడింది, రెండు మూడేళ్ళలోనే అదే బల్బు నలభై లోపుకు దిగింది. ఇప్పటికి ఆ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. వీధి లైట్లు కూడా అంతే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో విశాఖను ఊడ్చేసిన తర్వాత అక్కడ వీధి దీపాలన్నీ ఎల్ఈడీలుగా పెట్టారు, ఆ తర్వాత హైదరాబాదులో నాలుగు లక్షలకు పైగా మార్చారు.

అంటే ఇల్లు మారింది, వీధి మారింది. ఈ రెండింటి మధ్య ఉన్న మన షాపు? వెళ్ళి పైకి చూడండి. ఇరవై ఏళ్ళ కిందటి ట్యూబులైటు పట్టీలు, రాగి చోక్‌తో ట్యూబులు, షోకేసులో హాలోజెన్ బల్బులు, బాత్‌రూమ్‌లో సీఎఫ్ఎల్. ఎందుకు మిగిలిపోయాయంటే, ఇంట్లో బల్బు పోతే మనం కొని పెట్టుకుంటాం, షాపులో ట్యూబు పోతే కుర్రాడిని పంపి "అలాంటిదే ఇంకోటి పట్రా" అంటాం. అలాంటిదే వస్తుంది, అలాంటిదే ఎక్కుతుంది. ఒకసారి ఇంటీరియర్ చేయించుకున్నాక సీలింగ్ జోలికి ఎవరూ పోరు.

ఇప్పుడు లెక్క. పెద్ద లెక్కేం కాదు, మీరు రోజూ వేసే వడ్డీ లెక్క కన్నా తేలిక. ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు, హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. వెయ్యి వాట్లు ఒక గంట వెలిగితే ఒక యూనిట్. మన కమర్షియల్ కనెక్షన్లకి నెలకి మూడొందల యూనిట్లు దాటితే యూనిట్ పది రూపాయల చుట్టూ పడుతోంది, దాని మీద ఫిక్సెడ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరు. లెక్క సులువుగా ఉండటానికి పది రూపాయలే వేసుకుందాం.

నలభై ట్యూబులున్న బట్టల షాపు అనుకోండి, మన ఊళ్ళో ఇదేం పెద్ద షాపు కాదు. ట్యూబు మీద 36 వాట్లు అని రాసి ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ దాని వెనక రాగి చోక్ ఉంది, అది ఇంకో పన్నెండు పదమూడు వాట్లు తింటుంది, తిని వెలుగు ఏమీ ఇవ్వదు, వేడెక్కుతుంది అంతే. నమ్మకపోతే రాత్రి షాపు కట్టాక కరెంటు ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పట్టీ మూత విప్పమని ఆ చోక్ దగ్గర చెయ్యి పెట్టి చూడమనండి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆ వేడికి మీరు యూనిట్‌కి పది రూపాయల చొప్పున కడుతున్నారు. ట్యూబు, చోక్ కలిపి దగ్గర దగ్గర యాభై వాట్లు. దాని బదులు 20 వాట్ల ఎల్ఈడీ పట్టీ పెడితే కౌంటర్ మీద పడే వెలుతురు ఇంచుమించు అంతే ఉంటుంది, ఎందుకంటే ట్యూబు నాలుగు వైపులా వెలుగుతుంది, సగం వెలుతురు పైకి సీలింగ్‌కి పోతుంది, ఎల్ఈడీ కిందికే వేస్తుంది.

ఒక్కోదానికి ముప్ఫై వాట్లు మిగిలాయి. నలభై ఇంటూ ముప్ఫై, పన్నెండు వందల వాట్లు. రోజుకి పన్నెండు గంటలు. పద్నాలుగు యూనిట్ల పైన. నెలకి 432 యూనిట్లు, 4,320 రూపాయలు. మంచి కంపెనీ 20 వాట్ల పట్టీ రెండు వందల యాభై అనుకున్నా నలభైకి పదివేలు, ఎలక్ట్రీషియన్‌కి రెండు మూడు వేలు. మూడు నెలల్లో పెట్టుబడి వెనక్కి వచ్చేసింది. మీరంతా వ్యాపారం చేసేవాళ్ళు, మూడు నెలల్లో అసలు తిరిగొచ్చి ఆ తర్వాత అయిదారేళ్ళు నెలనెలా నాలుగు వేలు మిగిల్చే సరుకు ఇంకేదైనా ఉందేమో మీరే చెప్పండి.

ఇంకా అయిపోలేదు. మీ షాపులో ఏసీ ఉంటే లైట్లు తిన్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది, ఆ వేడిని బయటికి తోయాల్సింది ఏసీ. మామూలుగా మూడు వాట్ల వేడిని తోయడానికి ఏసీ ఒక వాటు దాకా తింటుంది. అంటే లైట్లలో పన్నెండు వందల వాట్లు తగ్గితే ఏసీ మీద ఇంకో నాలుగు వందలు తగ్గుతుంది, ఏసీ వేసిన గంటలన్నీ. ఎండాకాలంలో మన గుంటూరులో ఏసీ ఎప్పుడు ఆపుతాం? అందుకే లైట్లు మార్చిన చాలా షాపుల వాళ్ళు "అనుకున్నదాని కన్నా బిల్లు ఎక్కువే తగ్గిందండీ" అంటారు.

షోకేసుల్లో హాలోజెన్ స్పాట్ లైట్లున్న వాళ్ళు అందరికంటే ముందు మార్చాలి. ఒక్కోటి యాభై వాట్లు. దాని స్థానంలో ఏడు వాట్ల ఎల్ఈడీ స్పాట్ సరిపోతుంది. బంగారం షాపుల్లో, ఫ్యాన్సీ షాపుల్లో ఇవి ముప్ఫై నలభై ఉంటాయి. ముప్ఫై హాలోజెన్లంటే పదిహేను వందల వాట్లు, అంటే గది లోపల ఒక హీటర్ పెట్టుకుని, దాని పక్కనే ఏసీ వేసుకున్నట్టు.

సోలార్ గురించి కూడా అడుగుతారు, సభ మొదలవక ముందే ఇద్దరు అడిగారు. సోలార్ మంచిదే, పెట్టించండి, కానీ ముందు లైట్లు మార్చి తర్వాత పెట్టించండి. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఇందాక మనం లైట్లలో మిగిల్చింది పద్నాలుగు యూనిట్లు. అంత కరెంటు సోలార్‌తో తీయాలంటే మూడున్నర కిలోవాట్లు పెట్టాలి, లక్షన్నర పైమాటే. లైట్లకి పదమూడు వేలు. ముందు ఏది చేయాలో ఇక నేను చెప్పక్కర్లేదు.

సరే, ఎల్ఈడీ కొందామని బజారుకి వెళ్తారు. అక్కడే అసలు కథ మొదలవుతుంది, చాలామంది నష్టపోయేది అక్కడే. ఎనభై రూపాయలకి ఒకటి ఉంటుంది, రెండు వందల యాభైకి ఒకటి ఉంటుంది, రెండింటి మీదా 20 వాట్లనే ఉంటుంది, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాట్లు అనేది అది తినే తిండి, ఇచ్చే వెలుతురు కాదు. వెలుతురు లెక్క ల్యూమెన్లు. డబ్బా మీద చూడండి, 20 వాట్ల పట్టీకి రెండు వేల ల్యూమెన్లు, ఆ పైన ఉండాలి. అంటే వాటుకి వంద. పాత గుండు బల్బు వాటుకి పన్నెండు పదిహేను ల్యూమెన్లు ఇచ్చేది, సీఎఫ్ఎల్ అరవై దాకా. ఎల్ఈడీలో కూడా వాటుకి డెబ్భై ఇచ్చే నాసిరకం ఉంది, నూట ఇరవై, నూట ముప్ఫై ఇచ్చే మేలు రకం ఉంది. ల్యూమెన్లు రాయని డబ్బా ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఎల్ఈడీ బల్బుల మీద బీఈఈ, అంటే కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ వాళ్ళ స్టార్ లేబుల్ ఉంటుంది, ఫ్రిజ్‌కీ ఏసీకీ చూసినట్టు దానికీ నక్షత్రాలు చూసి కొనండి. బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ ముద్ర ఉండాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం, రంగు. దీన్ని పట్టించుకోక బట్టల షాపుల వాళ్ళు బేరాలు పోగొట్టుకుంటున్నారు, అది ఏ బిల్లులోనూ కనపడదు.

మీరందరూ చూసే ఉంటారు. ఒకావిడ మంగళగిరి చీర చూస్తుంటుంది, సేల్స్‌మన్ పదో పన్నెండో చీరలు పరిచాడు. ఒకటి నచ్చింది. నచ్చినా కొనదు. చీర కొంగు పట్టుకుని లేచి గుమ్మం దాకా వెళ్తుంది, వెలుతురులో పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంది, పక్కనున్న అత్తగారినో వదిననో పిలిచి "ఇది మెరూన్ అనుకున్నా వదినా, ఇక్కడ చూస్తే గోధుమరంగులా ఉంది" అంటుంది. చీర వెనక్కి వచ్చేస్తుంది. తప్పు చీరది కాదు, సేల్స్‌మన్‌ది కాదు. పైనున్న లైటుది. చవక ఎల్ఈడీల వెలుతురులో ఎరుపు తక్కువ ఉంటుంది, దాని కింద మెరూన్, కుంకుమ రంగు, రాణీ పింక్ అన్నీ చచ్చిపోయినట్టు కనపడతాయి. ఎండలో రంగు ఎలా కనపడుతుందో దానికి ఎంత దగ్గరగా ఈ లైటు చూపిస్తుందో చెప్పే లెక్క ఒకటుంది, సీఆర్ఐ అంటారు, ఎండకి వంద. మామూలు ఎల్ఈడీకి ఎనభై ఉంటుంది, గోడౌన్‌కి, కిరాణాకి అది చాలు. బట్టల షాపుకి, బంగారం షాపుకి, కాస్మెటిక్స్ కౌంటర్‌కి తొంభై పైన ఉన్నవే అడగండి. పది ఇరవై శాతం ధర ఎక్కువ పడొచ్చు, ల్యూమెన్లు కాస్త తగ్గొచ్చు, ఫర్వాలేదు. షాపంతా అక్కర్లేదు, చీరలు పరిచే చోట, ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు పెడితే సరిపోతుంది.

ఇక తెలుపా పసుపా అనేది. అది కెల్విన్లలో ఉంటుంది. 3000 అంటే పసుపు, 4000 అంటే నడిమి రకం, 6500 అంటే కొంచెం నీలం కలిసిన తెలుపు. మన వాళ్ళకి 6500 మీద మోజు ఎక్కువ, "ధగధగా ఉండాలండీ" అంటారు. బంగారం మీద ఆ తెలుపు వేస్తే బంగారం పాలిపోతుంది, 3000 వేస్తే పసిమి తేలుతుంది. వెండికి, వజ్రాలకి తెలుపు బాగుంటుంది. బట్టల షాపుకి 4000 మంచిదని నా అభిప్రాయం, స్వీటు షాపుకి, బేకరీకి పసుపే. ఒకే షాపులో ఒకే వరుసలో మాత్రం రెండు రకాలు కలపకండి, అతుకులేసినట్టు ఉంటుంది.

మన ఎల్ఈడీ తెలుపు అసలు ఎలా వస్తుందో తెలిస్తే ఇదంతా అర్థమవుతుంది. లోపల ఉండేది నీలం రంగు ఎల్ఈడీ. దాని మీద పసుపు పొడి పూత ఉంటుంది, ఆ నీలం ఈ పసుపు కలిసి కంటికి తెలుపుగా కనపడతాయి. ఎరుపు, పచ్చ ఎల్ఈడీలు ఎప్పటినుంచో ఉన్నాయి, నీలం తయారు చేయడమే కష్టమైంది, అది సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆ పసుపు పూతలో ఎరుపుకి కావాల్సిన దినుసు తగ్గిస్తే లైటు చవకవుతుంది, మీ మెరూన్ చీర వెనక్కి వచ్చేస్తుంది.

మన్నిక సంగతి. "ఎల్ఈడీ ఇరవై అయిదు వేల గంటలు వస్తుందన్నారు, ఏడాదికే పోయిందండీ" అని ప్రతి ఊళ్ళోనూ ఒకరు లేచి అడుగుతారు. నిజమే, పోతోంది. పోయేది ఎల్ఈడీ కాదు, దాని వెనక ఉండే డ్రైవర్. మన కరెంటుని ఎల్ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే చిన్న బోర్డు అది. అందులో కెపాసిటర్లుంటాయి, వేడి తగిలితే అవి ఎండిపోతాయి. గాలాడని ఫాల్స్ సీలింగ్ లోపల, మే నెలలో, పైన రేకు ఉంటే ఎంత వేడో మీకు తెలుసు. రెండోది, వోల్టేజీ ఎగుడుదిగుళ్ళు, ఉరుములు మెరుపులు. అందుకే కొనేటప్పుడు సర్జ్ ప్రొటెక్షన్, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని తట్టుకునే శక్తి ఎంత అని అడగండి, రెండున్నర కిలోవోల్టులు, వీలైతే నాలుగు. గుండె లాంటి డ్రైవర్‌లో పొదుపు చేసిన కంపెనీ వారంటీ కూడా నోటిమాటగానే ఇస్తుంది. రెండేళ్ళ వారంటీ కాగితం మీద, తేదీతో, బిల్లుతో తీసుకోండి, పట్టీ వెనక ఎక్కించిన తేదీ మార్కర్‌తో రాయించండి. ఈ ఒక్క పనితో పోయినవి మార్చుకోవడం ఎంత తేలికవుతుందో చేసి చూస్తే తెలుస్తుంది.

ఇరవై అయిదు వేల గంటలంటే అప్పటికి ఆరిపోతుందని కాదు. వెలుతురు కొత్తప్పటి దానిలో డెబ్భై శాతానికి తగ్గే సమయం అది. రోజుకి పన్నెండు గంటలు చొప్పున దాదాపు ఆరేళ్ళు.

ఇంకో పరీక్ష షాపులోనే చేసుకోవచ్చు. లైటు వెలిగించి ఫోన్ కెమెరా దానికి దగ్గరగా పెట్టి స్క్రీన్ చూడండి. నల్లటి చారలు కదులుతూ కనపడితే అది కంటికి తెలియకుండా కొట్టుకుంటోందని అర్థం. రోజంతా దాని కింద కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకి కళ్ళు మండేది, సాయంత్రానికి తలనొప్పి వచ్చేది అలాంటి వాటివల్ల కావచ్చు. పవర్ ఫ్యాక్టర్, అంటే లైటు లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 0.9 పైన ఉన్నది తీసుకోండి, పెద్ద లోడు ఉన్న కనెక్షన్లకి పనికొచ్చిందే కాక లాగిన మొత్తానికి, కేవీఏహెచ్‌లో, బిల్లు వేస్తారు, అక్కడ నాసి డ్రైవర్లు పది రకాలు కలిస్తే ఆ తేడా మీ బిల్లులోనే పడుతుంది.

మిర్చి వాళ్ళు చాలామంది వచ్చారు కాబట్టి కోల్డ్ స్టోరేజీ సంగతి ప్రత్యేకంగా చెప్తాను. అక్కడ లైటు వల్ల రెండు దెబ్బలు. లైటు తిన్న ప్రతి వాటూ లోపల వేడి పుట్టిస్తుంది, ఆ వేడిని మళ్ళీ కంప్రెసర్ తీయాలి. పైగా చలిలో ట్యూబు సరిగ్గా వెలగదు, స్టార్టర్ టప టపా కొట్టుకుంటుంది, వెలుతురు సగానికి పడిపోతుంది, అందుకని ఇంకో రెండు ట్యూబులు అదనంగా వేస్తారు. ఎల్ఈడీ దీనికి పూర్తిగా వ్యతిరేకం, చలి ఎంత ఉంటే అంత చక్కగా వెలుగుతుంది, ఎక్కువ కాలం వస్తుంది. తేమ లోపలికి పోని ఐపీ65 ఫిట్టింగులు పెట్టండి. మనిషి ఉన్నప్పుడే వెలిగేలా సెన్సర్ పెట్టండి, టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దించేటప్పుడు, తీసేటప్పుడు తప్ప ఆ గదుల్లో వెలుతురుతో పనేముంది? యార్డులో, గోడౌన్లలో ఇంకా 250 వాట్ల సోడియం దీపాలున్నాయి, చోక్‌తో 275 దాటుతుంది, ఆ పసుపు వెలుతురులో కాయ ఎరుపు కూడా తెలియదు. వంద, నూట ఇరవై వాట్ల ఎల్ఈడీ చాలు. కాయ రంగు చూసి ధర కట్టే వ్యాపారం మీది, దీన్ని ఖర్చు అని కూడా అనకూడదు.

లైటు మార్చడం సగం పని. రెండో సగం ఆర్పడం, దీనికి ఖర్చు దాదాపు లేదు.

చాలా షాపుల్లో ఒక్క స్విచ్చికి ఎనిమిది ట్యూబులు. పొద్దున తొమ్మిదింటికి కుర్రాడు ఊడ్చడానికి స్విచ్చి వేస్తాడు, షాపంతా వెలుగుతుంది, మొదటి బేరం పదకొండింటికి. ఆ రెండు గంటలూ నాలుగు లైట్లు చాలు. వైరింగ్ మార్చేటప్పుడు గుమ్మం దగ్గర వరుసకి ఒక స్విచ్చి, మధ్య వరుసకి ఒకటి, వెనకకి ఒకటి విడదీయించండి. గుమ్మం దగ్గర ఎండ వెలుతురు లోపలికి వస్తుంది, పగలు అక్కడ లైట్లు వేసినా తేడా తెలియదు.

ఆ తర్వాత బయట బోర్డు. లోపల పన్నెండు ట్యూబులున్న గ్లో సైన్ బోర్డు ఆరు వందల వాట్లు తింటుంది. సాయంత్రం ఆరింటికి వేస్తారు, పొద్దున వచ్చినవాళ్ళు ఆపుతారు. రాత్రి పదిన్నర తర్వాత ఆ బోర్డు ఎవరు చదువుతున్నారు? పదిన్నర నుంచి ఆరింటి దాకా ఏడున్నర గంటలు, నాలుగున్నర యూనిట్లు, నెలకి 135 యూనిట్లు, పదమూడు వందల యాభై రూపాయలు. ఒక టైమర్ స్విచ్చి వెయ్యి, పదిహేను వందలకి వస్తుంది. ఒక్క నెల.

మీ లైట్లలో దుమ్ము కూడా చూడండి. పైకెక్కి గుడ్డతో తుడవండి, ఆ ఒక్క పనికే వెలుతురు కనపడేంత పెరుగుతుంది. సీలింగ్, పై గోడలు తెల్లగా ఉంటే నలభై బదులు ముప్ఫై ఆరు లైట్లు సరిపోతాయి. ఎంత వెలుతురు కావాలో కంటితో చెప్పలేం, ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో లక్స్‌లలో కొలిచే లక్స్ మీటర్ అని చిన్న పరికరం ఉంటుంది, అసోసియేషన్ తరఫున ఒకటి కొని అందరూ వాడుకోండి. కౌంటర్ మీద 300 నుంచి 500 లక్స్ ఉంటే చాలు, నడవా, మెట్లకి 100. చాలా షాపుల్లో కౌంటర్ మీద 200 ఉంటుంది, ఎవరూ నడవని మూలన 700 ఉంటుంది. లైట్లు పెంచక్కర్లేదు, జరిపితే సరిపోతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక సభికుడు: పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు బిగించుకోవచ్చా? షాపు కుర్రాడే పెట్టేస్తానంటున్నాడు.)

బిగించుకోవచ్చండీ, కానీ కుర్రాడితో వద్దు. ఎల్ఈడీ ట్యూబుల్లో రకాలున్నాయి. కొన్నింటికి కరెంటు ఒక కొసనే ఇవ్వాలి, కొన్నింటికి రెండు కొసలకీ. పాత హోల్డర్ వైరింగులో తేడా వస్తే షార్ట్ అవుతుంది, ట్యూబు ఒక కొస బిగించి ఇంకో కొస చేత్తో పట్టుకున్నవాడికి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్టార్టర్ తీయించండి, చోక్ కూడా తీయించి వైరింగ్ సరిచేయించండి. చోక్ అలాగే వదిలేస్తే పనిచేస్తుంది గానీ అది తన వాట్లు తను కొంత తింటూనే ఉంటుంది. పట్టీ పాతదై తుప్పు పట్టి ఉంటే మొత్తం కొత్త పట్టీయే పెట్టండి, ధరలో పెద్ద తేడా లేదు.

(మరో సభికుడు: తీసేసిన ట్యూబులు ఏం చేయాలండీ?)

మంచి ప్రశ్న అడిగారు. చెత్తలో వేయకండి, ముఖ్యంగా పగలగొట్టకండి. ప్రతి ట్యూబులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది, నలభై ట్యూబులు షాపు వెనక పగిలితే ఆ ఆవిరి పీల్చేది మీ కుర్రాళ్ళు, చెత్త ఎత్తే మున్సిపాలిటీ అమ్మలు. అట్టపెట్టెల్లో నిలబెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి, కొత్తవి అమ్మిన డీలర్‌ని అడిగితే దారి చెప్తాడు. ఒక బజారు వాళ్ళంతా కలిసి ఒకేసారి ఇస్తే వాళ్ళే బండి పంపుతారు. పైగా ఈ ట్యూబుల కాలం అయిపోతోంది. పాదరసం మీద మినమాటా అని అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన దేశమూ అందులో ఉంది, 2023లో జెనీవాలో జరిగిన సమావేశంలో 2027 చివరికల్లా ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపేయాలని తీర్మానించారు. కాబట్టి ఈ రోజు కాకపోతే ఆ తర్వాతైనా మార్చక తప్పదు, అప్పటిదాకా ఆ బిల్లు ఊరికే కట్టడం ఎందుకు?

(మరొకరు: ఒకేసారి అన్నీ మార్చడానికి చేతిలో డబ్బు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?)

ఎక్కువ గంటలు వెలిగే చోట. బాత్‌రూమ్‌లో లైటు రోజుకి గంట వెలుగుతుంది, దాన్ని వదిలేయండి, పోయినప్పుడు మార్చుకోవచ్చు. ముందు హాలోజెన్లు, ఆ తర్వాత పన్నెండు గంటలు వెలిగే కౌంటర్ ట్యూబులు, ఆ తర్వాత బోర్డు. మొదట పది మార్చండి, బిల్లులో మిగిలిన డబ్బు కూడినకొద్దీ ఇంకో పది.

దానికి ముందు ఈ రాత్రే ఒక పని చేయండి. షట్టర్ వేసేటప్పుడు మీటరు రీడింగు ఫోన్‌లో ఫొటో తీయండి, పొద్దున షట్టర్ తీయగానే మళ్ళీ తీయండి. ఫ్రిజ్, సీసీ కెమెరాలు, ఇన్వర్టర్ తినేది పోగా ఆ రెండింటి మధ్య ఎన్ని యూనిట్లు తేడా ఉందో చూస్తే, మనిషే లేని షాపులో ఏం వెలుగుతోందో తెలిసిపోతుంది. వారం రోజులు తీసి గల్లాపెట్టె పక్కన పుస్తకంలో రాయండి. లైట్లు మార్చాక మళ్ళీ వారం రాయండి, అప్పుడు నా లెక్క కాదు, మీ మీటరు లెక్కే మీ చేతిలో ఉంటుంది. లోడు బాగా తగ్గితే రెండు మూడు నెలల బిల్లుల్లో గరిష్ఠ డిమాండ్, అంటే ఒకేసారి ఎక్కువలో ఎక్కువ వాడిన లోడు, ఎంత వచ్చిందో చూసి, కాంట్రాక్టెడ్ లోడ్, అంటే కనెక్షన్‌కి రాయించుకున్న లోడు, తగ్గించమని డిస్కంకి, అదే కరెంటు పంపిణీ సంస్థకి, దరఖాస్తు పెట్టుకోండి, ఫిక్సెడ్ ఛార్జీ ఆ లోడు మీదే వేస్తారు. ఎండాకాలం బిల్లులు కూడా చూసుకున్నాకే పెట్టండి సుమా, ఏసీలన్నీ నడిచే నెలలో డిమాండ్ దాటితే మళ్ళీ నోటీసు వస్తుంది.

(చివరి ప్రశ్న: మాది అద్దె షాపు. ఓనర్‌కి బిల్లుతో పనిలేదు, లైట్లు ఆయనవి. మేం డబ్బు పెడితే రేపు ఖాళీ చేస్తే?)

ఇక్కడ సగం మందిది ఇదే ఇబ్బంది అనుకుంటా. చూడండి, మూడు నెలల్లో తిరిగొచ్చే ఖర్చు కాబట్టి మీ అగ్రిమెంటు ఇంకో ఆరు నెలలున్నా మీకు లాభమే. ఓనర్‌గారి పాత పట్టీలు పారేయకండి, లెక్కపెట్టి మూటగట్టి గోడౌన్‌లో ఆయనకి చూపించి పెట్టండి, కొత్తవి మీ పేరు మీద బిల్లుతో కొనండి. ఖాళీ చేసేటప్పుడు ఆయనవి ఆయనకి బిగించి, మీవి మీరు విప్పుకుని కొత్త షాపుకి పట్టుకెళ్ళొచ్చు, పట్టీ విప్పడానికి రెండు స్క్రూలే. ఈ మాట ముందే ఆయనతో చెప్పుకుని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి. కొందరు ఓనర్లు ఇది విని "నేనే పెట్టిస్తాను, అద్దెలో కొంచెం చూసుకుందాం" అంటారు, అప్పుడు మీ లెక్క పుస్తకం ఆయన ముందు పెట్టి బేరమాడండి.

లక్స్ మీటర్ నా దగ్గర ఒకటుంది, తెచ్చాను. రేపు పొద్దున పదింటికి పట్నం బజారులో ఉంటాను, ఎవరి షాపుకి రమ్మంటే వాళ్ళ షాపుకి వచ్చి కౌంటర్ మీద కొలిచి చూపిస్తాను. పేర్లు అసోసియేషన్ సెక్రటరీగారికి ఇవ్వండి.